మొదటి దెబ్బకు పేలని తూటా: ప్రైమర్ ఎంత లోపలికి కూర్చోవాలి?

ప్రశ్న: లైసెన్సు ఉన్న రివాల్వర్, పిస్టల్ రెండూ నా దగ్గర ఉన్నాయి. .38 స్పెషల్, .45 ఏసీపీ తూటాలు నేనే రీలోడ్ చేసుకుంటాను, అంటే కాల్చేసిన ఖాళీ కేసుల్లో (తూటా లోహపు గొట్టాల్లో) కొత్త ప్రైమర్, పౌడర్, బుల్లెట్ నింపుకుంటాను. ఈమధ్య ప్రతి బ్యాచ్‌లో కొన్ని తూటాలు మొదటిసారి కొడితే పేలడం లేదు, అదే తూటాను మళ్లీ కొడితే పేలుతోంది. రివాల్వర్ సిలిండర్ కూడా అప్పుడప్పుడు బిగుసుకుంటోంది. ట్రిగ్గర్ తేలిగ్గా ఉండాలని స్ప్రింగ్ మార్పించాను, దానివల్లేమో అనుకుంటున్నాను. పుస్తకంలో ప్రైమర్ (కేసు వెనక కూర్చుని, దెబ్బకు మండి పౌడర్‌ని అంటించే ముక్క) కేస్ హెడ్ కంటే, అంటే కేసు వెనక ముఖం కంటే, 0.003 నుంచి 0.005 అంగుళం లోపల ఉండాలని రాసుంది, కాలిపర్‌తో (సన్నటి కొలతలు తీసే పరికరంతో) కొలిస్తే ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తోంది. ఇంకా గట్టిగా నొక్కితే చేతిలోనే పేలుతుందేమోనని టెన్షన్. అసలు ఎంత లోపలికి నొక్కాలి?

సమాధానం: స్ప్రింగ్ సంగతి తర్వాత చూద్దాం. మీరు రాసిన లక్షణం, అంటే మొదటి దెబ్బకు పేలకపోవడం, రెండో దెబ్బకు మామూలుగా పేలిపోవడం, చాలావరకు ప్రైమర్ తన పాకెట్ (కేస్ హెడ్‌లో అది కూర్చునే గుంట) అడుగుదాకా దిగలేదని చెబుతుంది. ఎంత లోపలికి అంటే, అడుగు తగిలేదాకా, తగిలాక ఇంకొక్క పిసరు. మీరు పట్టుకు కూర్చున్న ఆ 0.003, 0.005 అంకెలు ఆ పని సరిగ్గా జరిగాక కనిపించే ఫలితం మాత్రమే. అంకె కోసం నొక్కడం మొదలుపెడితే కొన్ని కేసుల్లో ప్రైమర్ గాల్లో వేలాడుతూ ఉండిపోతుంది, కొన్నింటిలో నలిగిపోతుంది.

ప్రైమర్ లోపల ఏముందో ఒకసారి చూస్తే ఇదంతా తేలిగ్గా అర్థమవుతుంది. మనం రీలోడింగ్‌లో వాడేది బాక్సర్ రకం. చిన్న లోహపు కప్పు, దాని లోపల దెబ్బ తగిలితే మండే మందు పలచటి పొరగా, ఆ మందు మీద ఆన్విల్ అనే కాళ్లున్న చిన్న లోహపు ముక్క, అంతే. ఫైరింగ్ పిన్ వచ్చి కప్పు వీపు మీద కొడితే కప్పుకీ ఆన్విల్‌కీ మధ్య మందు నలిగి మండుతుంది, ఆ మంట పాకెట్ మధ్యలో ఉన్న రంధ్రం గుండా పౌడర్‌ని అందుకుంటుంది. మందు నలగాలంటే ఆన్విల్ కదలకుండా నిలబడాలి, దాని కాళ్లు పాకెట్ అడుగుకి ఆని ఉండాలి. ఆనలేదనుకోండి, పిన్ కొట్టిన దెబ్బలో ఎక్కువ భాగం ప్రైమర్‌ని ముందుకు తోయడానికే ఖర్చయిపోతుంది, మందుని నలపడానికి మిగిలేది సరిపోదు. అంటే మీ మొదటి దెబ్బ ప్రైమర్‌ని కూర్చోబెట్టే పని చేసింది. మీరు బెంచి దగ్గర చేయాల్సిన పనిని తుపాకీ చేసిపెట్టిందన్నమాట, అందుకే రెండో దెబ్బకి పేలింది.

ప్యాకెట్ నుంచి తీసిన కొత్త ప్రైమర్‌ని దగ్గరగా చూస్తే ఆన్విల్ కాళ్లు కప్పు అంచుకంటే కొంచెం బయటికి ఉంటాయి. అది తయారీ లోపం కాదు, అలాగే ఉండాలి. ప్రైమర్ దిగుతున్నప్పుడు ముందు ఆ కాళ్లు అడుగుకి తగులుతాయి, ఇంకొంచెం నొక్కితే ఆన్విల్ మందులోకి కాస్త ఒత్తుకుంటుంది. ఆ ఒత్తిడి వల్లే ప్రైమర్ తన అసలు సున్నితత్వానికి వస్తుంది, అంటే చిన్న దెబ్బకైనా నమ్మకంగా మండుతుంది. 'ఇంకొక్క పిసరు' అన్నది దీని గురించే. మరీ ఎక్కువ నొక్కితే మందు పొర బీటలు వారుతుంది, ఊడిపోతుంది, అప్పుడు అది ఒక్కోసారి ఆలస్యంగా మండుతుంది, ఒక్కోసారి అసలు మండదు. అయితే హ్యాండ్‌గన్ తూటాల విషయంలో నేను చూసినంతలో ఎక్కువ నొక్కి పాడుచేసేవాళ్లకంటే భయపడి తక్కువ నొక్కేవాళ్లే చాలా ఎక్కువ. మీరు రెండో రకం.

ఇక అంకెలు. 0.003 అంగుళం అంటే మిల్లీమీటరులో 0.076, దాదాపు ఒక వెంట్రుక మందం. మామూలు కాలిపర్ తప్పే ఒక వెయ్యోవంతు అంగుళం దాకా ఉంటుంది, పైగా దాని వెనకనుంచి వచ్చే లోతు కడ్డీ కొంచెం వంకరగా పెట్టినా ఇంకో రెండు వెయ్యోవంతులు అటో ఇటో పోతాయి. ప్రైమర్ ముఖం కూడా చాలా కంపెనీలవి పూర్తి చదునుగా ఉండవు, కాస్త గుండ్రంగా ఉబ్బి ఉంటాయి, అంచు దగ్గర కొలిస్తే ఒకటి, మధ్యలో కొలిస్తే ఇంకొకటి. చాలాసార్లు వాడిన కేసు అయితే ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటికి విసిరే భాగం) కొట్టిన చోట చిన్న గంటు లేచి ఉంటుంది, కడ్డీ పీట దాని మీద ఆనితే లేని లోతు కనిపిస్తుంది. మీకు ఒక్కోసారి ఒక్కో అంకె రావడంలో వింతేమీ లేదు.

పాకెట్ లోతులోనూ తేడాలుంటాయి. పిస్టల్ కేసుల పాకెట్లకి, చిన్నవైనా పెద్దవైనా, ప్రామాణికంగా చెప్పే లోతు 0.117 నుంచి 0.123 అంగుళం. అంటే రెండూ సక్రమంగా తయారైన కేసులే అయినా ఒకదానికీ ఇంకోదానికీ ఆరు వెయ్యోవంతుల తేడా ఉండొచ్చు. ప్రైమర్ ఎత్తులోనూ కంపెనీని బట్టి, లాట్‌ని బట్టి తేడా వస్తుంది. లోతు పాకెట్‌లో ప్రైమర్ 0.004 లోపల ఉన్నా ఇంకా అడుగు తాకకపోవచ్చు. లోతు తక్కువ పాకెట్‌లో 0.002 దగ్గరే పూర్తిగా కూర్చుని ఉండొచ్చు. అందుకే ప్రతి కేసులోనూ ఒకే అంకె తెప్పించాలని ప్రెస్ (తూటాలు నింపే యంత్రం) స్టాపర్ బిగించుకోవడం నాకు నచ్చదు. పైకి పొడుచుకు రాకూడదు అన్నది ఒక్కటే రాజీ లేని హద్దు. కేస్ హెడ్‌తో సమంగా ఉందంటే కూడా నేనయితే తృప్తిపడను, వేలికి చిన్న పల్లం తగలాల్సిందే.

చేతిలో పేలుతుందేమో అన్న మీ భయం అర్థం లేనిది కాదు, కానీ దాన్ని సరైన చోట పెట్టుకోవాలి. ప్రైమర్ చటుక్కున తగిలే దెబ్బకి పేలేలా చేసిన వస్తువు. సరైన సైజు ప్రైమర్, నిటారుగా, శుభ్రమైన పాకెట్‌లోకి, నెమ్మదిగా, ఒకే ఒరవడిలో నొక్కితే పేలడం చాలా అరుదు. పేలిన సందర్భాల్లో ఎక్కువగా ఇంకేదో తప్పు ఉంటుంది: ప్రైమర్ పక్కకి తిరిగి ఉండటం, మిలిటరీ కేసు అంచు అడ్డుపడటం, చిన్న పాకెట్‌లోకి పెద్ద ప్రైమర్ తోయడం, లేదంటే లోపల ఒక ప్రైమర్ ఉండగానే ఇంకోటి ఎక్కించబోవడం. ఇవన్నీ చేతికి ముందే తెలుస్తాయి, మామూలుగా లేని ఎదురు వస్తుంది. ఆ ఎదురు రాగానే బలం పెంచే అలవాటే ప్రమాదం. ఆపండి, వెనక్కి తీయండి, చూడండి. కళ్లద్దాలు మాత్రం ప్రతిసారీ, ఒక్క ప్రైమర్‌కైనా సరే పెట్టుకోండి. బెంచి మీద ప్రైమర్లు విడిగా గుట్టగా పోసుకోకండి, కంపెనీ డబ్బాలో తప్ప సీసాల్లో నిలవ చేయకండి, ఎందుకంటే ఒక్కటి పేలితే వినిపించేది చిన్న టప్పు, వంద ఒకేచోట ఉన్నప్పుడు ఒకటి మిగతావాటిని అంటిస్తే అది వేరే సంగతి.

గట్టిగా నొక్కినా దిగడం లేదంటే కారణం దాదాపు ఎప్పుడూ పాకెట్‌లోనే ఉంటుంది. మొదటి అనుమానితుడు మసి. ప్రతి ఫైర్‌కీ పాకెట్ అడుగున కాస్త బూడిద గట్టిపడుతుంది. హ్యాండ్‌గన్ కేసులకి పాకెట్ శుభ్రం చేయనక్కర్లేదని చాలామంది అంటారు, నిజమే, చాలామందికి ఏళ్ల తరబడి ఇబ్బంది రాదు కూడా. కానీ మీకు ఇబ్బంది వచ్చింది కాబట్టి ఆ సలహా ఇప్పుడు మీకు వర్తించదు. ఓ యాభై కేసులకి పాకెట్ గీకి, మరో యాభై గీకకుండా పక్కపక్కనే నింపి చూడండి, తేడా వస్తే జవాబు దొరికినట్టే. పాత ప్రైమర్ తీసేశాక కేసుల్ని టంబ్లర్‌లో (తిప్పి శుభ్రం చేసే యంత్రంలో) వేసేవాళ్లకి ఇంకో బెడద: అందులో వేసే మొక్కజొన్న కండె, వాల్‌నట్ పెంకు పొడి గింజలు రంధ్రంలోనో పాకెట్ మూలలోనో ఇరుక్కుంటాయి. కంటికి ఆనని ఒక్క గింజ చాలు ప్రైమర్‌ని పైకి ఎత్తి పెట్టడానికి.

రెండోది క్రింప్. సైన్యం కోసం చేసిన కేసుల్లో ప్రైమర్ ఊడిపోకుండా పాకెట్ అంచుని చుట్టూ లోపలికి నొక్కి ఉంచుతారు. కేస్ హెడ్ మీద వృత్తంలో కూడిక గుర్తు ఉంటే అది నాటో కేసు, క్రింప్ ఉందేమో అని ముందే అనుమానించాలి. ఆ అంచుని స్వేజ్ చేసి వెనక్కి తోయాలి లేదా రీమర్‌తో కోయాలి, అప్పుడే కొత్త ప్రైమర్ సాఫీగా దిగుతుంది. రీమర్ తిప్పేటప్పుడు మరీ ఉత్సాహపడితే పాకెట్ వదులైపోతుంది, ఆ తర్వాత ప్రైమర్ జారి బయటికి వస్తుంది, అలాంటి కేసుని పారేయడమే.

.45 ఏసీపీ వాడుతున్నారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెప్పాలి. ఈ కేసులు మొదట్నుంచీ పెద్ద పిస్టల్ ప్రైమర్‌తోనే వచ్చేవి, ఇప్పుడు చిన్న ప్రైమర్ పాకెట్‌తోనూ వస్తున్నాయి. షూటింగ్ రేంజ్‌లో నేలమీద ఏరుకున్న కేసుల్లో రెండూ కలిసిపోతాయి. పెద్ద ప్రైమర్ వ్యాసం 0.210 అంగుళం, చిన్నది 0.175. చిన్న పాకెట్ మీద పెద్దదాన్ని పెట్టి లివర్ నొక్కితే ఏమవుతుందో ఊహించుకోండి. ప్రెస్ దగ్గరకి వెళ్లకముందే కూర్చుని వేరు చేయండి, విసుగు పని, కానీ టీవీ చూస్తూ చేసేయొచ్చు.

ఇంకోటి, ప్రైమర్లు దొరకని రోజుల్లో కొందరు రైఫిల్ ప్రైమర్లు పిస్టల్ కేసుల్లో పెడుతుంటారు. చిన్న రైఫిల్ ప్రైమర్ కొలత చిన్న పిస్టల్ ప్రైమర్‌తో సమానమే, కప్పు మాత్రం గట్టిది, మీలా స్ప్రింగ్ తేలిక చేయించుకున్న తుపాకీలో పేలకుండా మొరాయిస్తుంది. పెద్ద రైఫిల్ ప్రైమర్ అసలు ఎత్తే ఎక్కువ, పెద్ద రైఫిల్ పాకెట్ లోతు 0.125 నుంచి 0.132 ఉంటుంది. దాన్ని .45 పాకెట్‌లో ఎంత నొక్కినా పైకే ఉంటుంది. మీ డబ్బా మీద ఏం రాసుందో ఒకసారి చదవండి, అడగడానికి సిల్లీగా ఉన్నా అడుగుతున్నాను.

ఇక మీ పరికరం. మీరు ఏ ప్రెస్ వాడుతున్నారో రాయలేదు. ప్రోగ్రెసివ్ ప్రెస్ (హ్యాండిల్ ఒక్కసారి ఆడిస్తే అన్ని పనులూ వేర్వేరు కేసుల మీద ఒకేసారి చేసేది) అయితే ప్రైమర్ సాధారణంగా హ్యాండిల్‌ని ముందుకి తోసేటప్పుడు కూర్చుంటుంది, పౌడర్, బుల్లెట్ వగైరా పనులన్నీ లాగేటప్పుడు జరుగుతాయి. చెయ్యి లాగడం మీదే దృష్టి పెడుతుంది, తోయడం ఊరికే వెనక్కి వదలడంలా అయిపోతుంది. ఎత్తుగా ఉన్న ప్రైమర్లకి నేను చెప్పే కారణాల్లో ఇది చాలా పైన ఉంటుంది. ప్రతి తోపులోనూ చివర గట్టిగా తగిలి ఆగేదాకా వెళ్లండి, ఒక్క క్షణం అక్కడే పట్టి ఉంచి అప్పుడు వదలండి. కేసుల్ని పట్టి ఉంచే షెల్ ప్లేట్ బోల్టు వదులుగా ఉందేమో చూడండి, వదులుగా ఉంటే ప్లేటు వంగుతుంది, మీరు నొక్కిన బలం దానికే పోతుంది. ప్రైమర్‌ని నెట్టే పంచ్ కింద ఒలికిన పౌడర్ గింజలు చేరితే అదీ కింద నుంచి అడ్డుపడుతుంది, పైగా అక్కడ పౌడర్ ఉండటం మంచిది కూడా కాదు.

చేతితో ప్రైమర్ ఎక్కించే పరికరం ఒకటి కొనుక్కోండి, ఈ సమస్య తీరేదాకా అయినా. కొంచెం నెమ్మది, కానీ బొటనవేలికి తెలిసినంతగా పొడుగాటి లివర్‌కి తెలియదు. మొదట రాపిడితో సాఫీగా జారుతుంది, తర్వాత మెత్తగా ఒక తాకిడి, అది ఆన్విల్ కాళ్లు అడుగుకి తగలడం, ఆపైన కొంచెం నొక్కితే గట్టిగా ఆగిపోతుంది. ఈ రెండింటి మధ్య దూరం చాలా తక్కువ, మొదట్లో తెలియదు, కొన్ని డజన్లు ఎక్కించేసరికి వేళ్లకి పట్టుబడుతుంది. ప్రైమర్ ముఖం మీద పంచ్ ముద్ర పలచగా పడితే కంగారు పడక్కర్లేదు. అంచులు నలిగి చదునై, కప్పు ఆకారమే మారిపోయిందంటే మాత్రం ఎక్కువ నొక్కుతున్నారు.

తనిఖీకి కాలిపర్ పక్కన పెట్టేయండి. ప్రైమర్ ఎక్కించిన ప్రతి కేసు మీదా చూపుడువేలు ఒకసారి అడ్డంగా పోనివ్వండి, పైకి లేచిన ప్రైమర్ వేలికి వెంటనే తగులుతుంది. అనుమానం ఉన్నదాన్ని అద్దం ముక్క మీద నిలబెట్టి పైన మెల్లగా తాకితే, ప్రైమర్ పైకి ఉన్నది అటూ ఇటూ ఊగుతుంది. స్టీలు స్కేలు అంచుని కేస్ హెడ్ మీద పెట్టి వెలుతురుకి ఎదురుగా చూసినా సరిపోతుంది. ఇదంతా పౌడర్ పోయకముందే చేయాలి, ప్రోగ్రెసివ్‌లో నింపేవాళ్లకి అది కుదరదు, అందుకే వాళ్లు తూటా పూర్తయ్యాక కొలత సరిచూసే గేజ్‌లో వేసినప్పుడు వేలితో చూసుకోవడం తప్పనిసరి చేసుకోవాలి. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో ఇది పేలకపోవడంతో ఆగే విషయం కాదు. పొడుచుకొచ్చిన ప్రైమర్ మీదికి స్లయిడ్ జోరుగా వచ్చి మూసుకుంటుంది, పూర్తిగా లాక్ కాకముందే తూటా మండితే కేసు చీలి ఆ వాయువు మీ చేతివైపే వస్తుంది.

సిలిండర్ బిగుసుకోవడం గురించి ఒక ప్రశ్న అడగాలి: కాల్చకముందే బిగుసుకుంటోందా, కాల్చాకా? కాల్చకముందే అయితే పైకున్న ప్రైమర్ వెనక ఫ్రేమ్‌కి రాసుకుంటోంది, పైన చెప్పిందే దానికి విరుగుడు. కాల్చాక అయితే కథ వేరు. తూటా మండినప్పుడు ముందుగా ప్రైమర్ వెనక్కి జరుగుతుంది, ఆ తర్వాత కేసు మొత్తం ఒత్తిడికి వెనక్కి వచ్చి ప్రైమర్‌ని మళ్లీ లోపలికి నెట్టేస్తుంది. .38 స్పెషల్‌లో మరీ మెత్తటి లోడ్ (తక్కువ పౌడర్ మోతాదు) వాడేవాళ్లకి ఆ రెండో భాగం సరిగ్గా జరగదు, కేసుని వెనక్కి నెట్టేంత ఒత్తిడి రాదు, ప్రైమర్ బయటికే ఉండిపోయి సిలిండర్‌ని పట్టేస్తుంది. అప్పుడు మీ ప్రైమింగ్‌లో తప్పు వెతకడం దండగ, లోడ్ డేటా పుస్తకం తీసి మీ పౌడర్ అందులో చెప్పిన కనీస మోతాదుకంటే తగ్గిందేమో చూడండి. తగ్గించి వాడుతుంటే ఆపేయండి, బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుపోయే ప్రమాదం కూడా అక్కడే ఉంది.

స్ప్రింగ్ తేలికైతే మొదటి దెబ్బ బలహీనమవుతుంది, అందులో అనుమానం లేదు. కానీ దాన్ని ఊహతో తేల్చకండి. అదే రివాల్వర్‌లో ఫ్యాక్టరీ తూటాలు ఒక డబ్బా కాల్చండి, వేరే వాళ్ల రివాల్వర్‌లో మీ రీలోడ్లు కొన్ని కాల్చండి. ఫ్యాక్టరీవి అన్నీ పేలి మీవి మాత్రమే మొరాయిస్తే స్ప్రింగ్‌ని నిందించడానికి లేదు. ఫ్యాక్టరీవి కూడా మొరాయిస్తే పాత స్ప్రింగ్ వేయించుకోండి, మరో మాట వద్దు, ఆత్మరక్షణకి ఉంచుకున్న తుపాకీ అయితే మరీనూ. పోటీల కోసం తేలిక ట్రిగ్గర్ కావాల్సిందే అనేవాళ్లు సాధారణంగా ఫెడరల్ ప్రైమర్లు వెతుక్కుంటారు, వాటి కప్పు మెత్తనని పేరు. సీసీఐ కంపెనీవి కాస్త గట్టివని అంటారు, అవి పూర్తిగా అడుగుదాకా దిగకపోతే తేలిక స్ప్రింగ్‌తో మీరు రాసిన లక్షణమే కనిపిస్తుంది. ప్రైమర్ కంపెనీ మార్చితే లోడ్‌ని మళ్లీ కింద నుంచి మొదలుపెట్టాలని మీకు తెలిసే ఉంటుంది.

ఇప్పటికే నింపేసిన తూటాల మాట. వాటన్నిటి మీదా వేలు పోనిచ్చి, పైకున్నవి వేరు చేయండి. వేరు చేసినవాటిని మళ్లీ ప్రెస్‌లో పెట్టి ప్రైమర్‌ని లోపలికి నొక్కేద్దామన్న ఆలోచన వస్తుంది, అందరికీ వస్తుంది, చేయకండి. ఖాళీ కేసులో ప్రైమర్ పేలితే చప్పుడు, భయం, అంతే, కానీ పౌడర్, బుల్లెట్ ఉన్న తూటాలో పేలితే అది మీ బెంచి మీద బ్యారెల్ లేకుండా పేలిన తూటా. కోలెట్ పుల్లర్‌తో (బుల్లెట్‌ని బిగించి పట్టి లాగే పరికరంతో) బుల్లెట్ తీసి, పౌడర్ ఒంపేసి, కేసు ఖాళీ అయ్యాక కళ్లద్దాలతో నెమ్మదిగా ప్రైమర్‌ని అడుగుదాకా దించండి. సుత్తిలా కొట్టే పుల్లర్ ఈ పనికి వాడకండి, ప్రైమర్ ఎత్తుగా ఉన్న తూటాని దెబ్బలు కొట్టడం ఎందుకు. రేంజ్‌లో పేలకుండా మిగిలినది ఏదైనా ఉంటే ముప్పై సెకన్లు బ్యారెల్‌ని లక్ష్యం వైపే పట్టి ఆగి, ఆ తర్వాతే తీయండి.